మందుని జెల్‌లో పెట్టడం తేలికే, వేళకి బయటికి రప్పించడమే కష్టం

విజయవాడ సూర్యారావుపేటలో మెడికల్ షాపు నడిపే మా స్నేహితుడికి తరచూ ఎదురయ్యే గొడవ ఒకటుంది. షుగర్ మాత్ర వేసుకున్న మర్నాడు అది విరేచనంలో దాదాపు మాత్ర ఆకారంలోనే కనపడుతుంది. అంతే, పెద్దాయనలు స్ట్రిప్పు పట్టుకుని వచ్చి "ఏందయ్యా ఇది, కడుపులో కరగనే లేదు, డూప్లికేట్ సరుకు అంటగట్టావా?" అని కౌంటర్ ముందే నిలదీస్తారు. "లేదు బాబాయ్ గారూ, మందు లోపల దిగిపోయింది, బయటికొచ్చింది ఉత్త పిప్పి" అని మావాడు ఎంత చెప్పినా సగం మంది నమ్మరు. కానీ వాడు చెప్పేది అక్షరాలా నిజం. ఆ పిప్పి ఒక హైడ్రోజెల్, అంటే నీళ్లు పట్టి ఉంచుకునే మెత్తటి ముద్ద.

మందుని మెల్లగా వదిలేవని చెప్పడానికి ఎస్.ఆర్. అనో ఎక్స్.ఆర్. అనో రాసి ఉండే మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రల్లో చాలావాటిలో మందుతో పాటు హెచ్‌పీఎంసీ అనే పొడి కలిపి నొక్కుతారు. కలప గుజ్జు నుంచో, పత్తిగింజకి అంటుకుని మిగిలిపోయే నూగు నుంచో సెల్యులోజ్ తీసి, దానికి కాస్త రసాయన మార్పు చేస్తే వచ్చే పొడి ఇది. (పత్తి వ్యాపారం చేసే గుంటూరు వాళ్లకి ఆ నూగు గురించి చెప్పక్కర్లేదు, లింటర్స్ అంటారు.) కడుపులో తడి తగలగానే మాత్ర పైభాగం ఉబ్బి జిగట పొరగా మారుతుంది, నీళ్లు ఆ పొరలోంచి మెల్లగా లోపలికి వెళ్తాయి, మెట్‌ఫార్మిన్ అదే దారిలో మెల్లగా బయటికొస్తుంది, పైన కొంచెం కొంచెం అరిగిపోతుంటే లోపల కొత్త పొర ఉబ్బుతూ ఉంటుంది. మామూలు మెట్‌ఫార్మిన్ మింగిన 2, 3 గంటల్లో రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరితే, ఎక్స్.ఆర్. మాత్రకి సుమారు 7 గంటలు పడుతుంది. రోజుకి రెండు మూడు మాత్రల బదులు ఒకటి సరిపోవడం, కడుపులో తిప్పడం, విరేచనాలు కొంత తగ్గడం ఈ ఆలస్యం పుణ్యమే. సెల్యులోజ్‌ని అరిగించే ఎంజైము మనిషి ఒంట్లో లేదు కాబట్టి మందు అయిపోయాక మిగిలిన మెత్తటి ముద్ద అలాగే బయటికి పోతుంది.

అందుకే ఈ మాత్రల్ని నమలకూడదు, పొడి చేసి పెరుగన్నంలో కలపకూడదు. పొడి చేస్తే ఆ పొర ఏర్పడదు, రోజంతా కొంచెం కొంచెంగా రావాల్సిన మందు ఒక్కసారే వచ్చి పడుతుంది. మింగలేని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే డాక్టర్ని అడిగి వేరే రకానికి మార్చుకోవాలి గానీ రోకలి తీయకూడదు.

ఇంత సంగతి ఎందుకంటే, సహజ పాలిమర్ (జీవుల నుంచి వచ్చే పొడవాటి అణువుల గొలుసు) హైడ్రోజెల్స్ గురించి ఈమధ్య పేపర్లో వచ్చే వార్తలు ఒక రకంగా ఉంటున్నాయి. రొయ్యల పొట్టుతో క్యాన్సర్ మందు, సముద్రపు నాచుతో ఇన్సులిన్, "సహజం కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అనే తోక వాక్యం. చదివితే ఇదేదో రేపు పొద్దున వచ్చి పడే అద్భుతంలా ఉంటుంది. నిజానికి హైడ్రోజెల్ మనం రోజూ మింగుతున్నదే, ఇక మిగతా వార్తల్లో ఉన్న అద్భుతం చాలావరకు గాజు బీకరు దాటి రాలేదు. గుంటూరు దగ్గర ఒక కాలేజీలో ఎం.ఫార్మసీ చేసే రోజుల్లో మేమందరం వీటి మీదే పడ్డాం, ఎందుకంటే ముడిసరుకు చవక, ప్రయోగం అందంగా వస్తుంది, గ్రాఫు ఇంకా అందంగా వస్తుంది. ఆ అనుభవంతోనే చెప్తున్నా, జెల్‌లో మందు పట్టించడం ఎవరికైనా వస్తుంది. అది ఎక్కడ, ఎప్పుడు, ఎంత వదలాలో దానిచేత చేయించడమే అసలు చదువు.

ముందు జెల్ అంటే ఏంటో కళ్లతో చూద్దాం. ఎండాకాలం బీసెంట్ రోడ్డులో నిమ్మసోడా బండి దగ్గర సబ్జా గింజలు నానబెట్టిన గిన్నె ఉంటుంది కదా. పది పదిహేను నిమిషాల్లో ఒక్కో నల్ల గింజ చుట్టూ బూడిదరంగు మబ్బులా ఒక పొర కడుతుంది. గ్లాసు ఊపినా అది గింజని వదలదు, వేళ్ల మధ్య పెట్టి నలిపితే జారిపోతుంది తప్ప అంత తేలిగ్గా నీళ్లు వదలదు. ఆ మబ్బులో ఉన్నది చాలావరకు నీళ్లే. గింజ పొట్టులోంచి వచ్చిన పొడవాటి చక్కెర గొలుసులు ఆ నీళ్లని పట్టి ఉంచుతున్నాయి. అంటే సబ్జా పొర పోలిక కోసం చెప్పేది కాదు, అది నిజంగానే ఒక సహజ పాలిమర్ హైడ్రోజెల్. ఇంకో ముచ్చట, ఉప్పు బాగా కలిపిన నీళ్లలో వేస్తే ఈ గింజలు అంతగా ఉబ్బవు. ఆ గొలుసుల మీద రుణ విద్యుదావేశం ఉంటుంది, అవి ఒకదాన్నొకటి తోసుకోవడం వల్లే జెల్ విచ్చుకుంటుంది, ఉప్పులోని సోడియం వచ్చి చేరితే ఆ తోపులాట తగ్గుతుంది. చుట్టూ ఉన్న ద్రవం మారితే జెల్ ప్రవర్తన మారుతుందన్న ఈ ఒక్క విషయం మీదే ఈ రంగం సగం నడుస్తోంది.

ఏ హైడ్రోజెల్ అయినా ఇంతే. నీళ్లంటే ఇష్టమున్న పొడవాటి గొలుసులు అక్కడక్కడా ఒకదానికొకటి ముడిపడి వలలా ఏర్పడతాయి. ముడులు లేకపోతే అవి నీళ్లలో కరిగి జావ అవుతాయి, ముడులుంటే కరగకుండా ఉబ్బుతాయి. మామూలుగా ఈ వల కన్ను 5 నుంచి 100 నానోమీటర్ల దాకా ఉంటుంది. నానోమీటరు అంటే మిల్లీమీటరులో 10 లక్షల వంతు. మనం రోజూ వాడే మాత్రల్లోని మందు అణువులు 1 నానోమీటరుకి అటూ ఇటూ ఉంటాయి. యాంటీబాడీ లాంటి పెద్ద ప్రొటీన్ అయితే 10 నానోమీటర్ల దాకా ఉంటుంది.

ఇక్కడే కొత్తగా చదివేవాళ్లు తడబడతారు. 1 నానోమీటరు అణువుకి 20 నానోమీటర్ల కన్ను అడ్డమే కాదు. చిన్న మందుని ఉత్త జెల్‌లో కలిపి వదిలేస్తే అది గంటల్లో బయటికొచ్చేస్తుంది, అందులోనూ మొదటి గంటలోనే పెద్ద భాగం ఒక్కసారిగా వస్తుంది. దీన్ని బర్స్ట్ రిలీజ్ అంటారు, జెల్ మీద పనిచేసే ప్రతివాడికీ ఇదే మొదటి టెన్షన్. దాన్ని ఆపాలంటే మందుని గొలుసుకి రసాయనంగా కట్టేయాలి, లేదా మందుకీ గొలుసుకీ వ్యతిరేక ఆవేశాలుండి ఒకటొకటి పట్టుకునేలా చూడాలి, లేదా వలని బాగా బిగించాలి. పెద్ద ప్రొటీన్‌కైతే వల కన్నే అడ్డం పడుతుంది, ఆ వల తెగితేనే అది బయటపడుతుంది. దానికి తోడు దూరం లెక్క ఒకటుంది. జెల్ మందం రెండింతలైతే మందు బయటికి రావడానికి పట్టే సమయం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది.

మరి వల ఎలా తెగుతుంది? సహజ పాలిమర్ల అసలు గొప్పతనం ఈ ప్రశ్న దగ్గరే ఉంది. ప్లాస్టిక్ జాతి గొలుసులు చాలావాటిని కోసే కత్తెర శరీరంలో ఎక్కడా ఉండదు. జీవుల నుంచి వచ్చిన గొలుసులకి మాత్రం ఎక్కడో ఒకచోట ఆ కత్తెర ఉండే అవకాశం ఎక్కువ. కొలాజెన్, జెలటిన్ గొలుసుల్ని పుండు దగ్గర చేరే ఎంజైములు కోస్తాయి, రొయ్యల పొట్టు నుంచి తీసే కైటోసాన్‌ని కన్నీళ్లలో, లాలాజలంలో కూడా ఉండే లైసోజైమ్ అనే ఎంజైము మెల్లగా కొరుకుతుంది, కీళ్లలో ఉండే హైలురోనిక్ ఆసిడ్‌ని హైలురోనిడేజ్ కోస్తుంది, పండ్లలో ఉండే పెక్టిన్‌నీ గోరుచిక్కుడు బంకనీ మనం అరిగించలేం గానీ పెద్దపేగులో కాపురముండే బాక్టీరియా అరిగిస్తుంది. సెల్యులోజ్‌ని మన ఎంజైములేవీ కోయలేవు, అందుకే మా స్నేహితుడి షాపులో ఆ గొడవ. సముద్రపు నాచు నుంచి వచ్చే ఆల్జినేట్‌కీ మన ఒంట్లో కత్తెర లేదు, కానీ దానికి వేరే కిటుకుంది. ఏ గొలుసుకి ఏ చోట ఏ కత్తెర అన్నది తెలిస్తే సగం డిజైన్ అయిపోయినట్టే.

ఆల్జినేట్ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ల్యాబులో దీన్ని చూసినవాళ్లు మర్చిపోరు. 1881లో బ్రిటన్‌లో స్టాన్‌ఫర్డ్ అనే రసాయన శాస్త్రవేత్త గోధుమరంగు నాచు నుంచి దీన్ని తీశాడు. మన దగ్గర తమిళనాడు తీరంలో ఆ జాతి నాచు దొరుకుతుంది. పనిచేసే పద్ధతి ఇదీ. సోడియం ఆల్జినేట్‌ని 2 శాతం ద్రావణంగా కలిపితే చిక్కటి గంజిలా ఉంటుంది. అందులో మందు కలిపి, సిరంజిలో ఎక్కించి, కాల్షియం క్లోరైడ్ ద్రావణంలోకి చుక్క చుక్కగా వదులుతాం. చుక్క నీటిని తాకిన క్షణంలోనే బయటి పొర గట్టిపడి ముత్యంలాంటి గుండు అవుతుంది. సూది నీటికి మరీ దగ్గరగా ఉన్నా, ద్రావణం మరీ చిక్కగా ఉన్నా గుండుకి తోక వస్తుంది, కప్పపిల్లలాగా. ఆ తోకలున్నవన్నీ ఏరి పారేయడం జూనియర్ల పని. ఇదంతా ఎందుకు జరుగుతుందంటే, ఆల్జినేట్ గొలుసులో గులురోనిక్ ఆసిడ్ అనే చక్కెర ముక్కలు వరసగా ఉన్న చోట్ల గుంటలు ఏర్పడతాయి, రెండు గొలుసుల గుంటల మధ్య ఒక్కో కాల్షియం అయాను కుదురుగా కూర్చుని వాటిని జత కడుతుంది. 1973లో దీనికి ఎగ్ బాక్స్ మోడల్ అని పేరు పెట్టారు.

కాల్షియం కట్టిన ముడిని సోడియం విప్పగలదు. శరీర ద్రవాల్లో సోడియానికి కొదవ లేదు. పుండు మీద వేసిన ఆల్జినేట్ పట్టీ రసిని పీల్చుకుంటూ మెత్తగా జెల్‌గా మారేది ఈ మార్పిడి వల్లే. అందుకే రసి బాగా కారే పుండుకి ఆల్జినేట్ పట్టీ, ఎండిపోయి బిగుసుకున్న పుండుకి నీళ్లు ముందే నిండిన హైడ్రోజెల్ డ్రెస్సింగ్ వాడతారు. తారుమారు చేస్తే ఎండిన పుండు ఇంకా ఎండుతుంది, కారే పుండు చుట్టూ చర్మం నానిపోతుంది. షుగర్ పుండుతో తిరిగేవాళ్లు మెడికల్ షాపులో "ఏదో మంచి జెల్ పట్టీ ఇవ్వండి" అని అడగడం చూస్తుంటాను, ఆ అడగడం డ్రెస్సింగ్ చేసే నర్సుని అడిగితే మేలు.

ఆసిడ్‌లో ఆల్జినేట్ ముడుచుకుంటుంది, పేగు పీహెచ్ (ఆసిడ్ ఎంతుందో చెప్పే కొలత, ఎక్కువైతే ఆసిడ్ తక్కువ) దగ్గర ఉబ్బి కరుగుతుంది. కాబట్టి పొట్ట దాటించి పేగులో వదలాల్సిన మందుకి ఇది చక్కగా సరిపోతుందని ప్రతి థీసిస్‌లోనూ ఉంటుంది. నిజమే. కానీ ఆ థీసిస్‌లోనే ఇంకో టేబుల్ చూడండి, లోపల పట్టిన మందు శాతం. నీళ్లలో బాగా కరిగే మందు అయితే గుండ్లు కాల్షియం క్లోరైడ్‌లో నానుతుండగానే సగం మందు ఆ నీళ్లలోకి జారిపోతుంది. గుండు బాగా గట్టిపడాలంటే ఎక్కువసేపు నానాలి, ఎక్కువసేపు నానితే మందు పోతుంది. ఈ పేచీ తీరక కైటోసాన్ పూత వేయడం మొదలుపెట్టారు.

కైటోసాన్ అంటే మన ఇంటి సరుకే. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, కృష్ణా డెల్టా చివర్న చెరువులు చూస్తూనే ఉన్నాం. రొయ్యని వలిస్తే తల, పొట్టు కలిపి బరువులో దాదాపు సగం దాకా చెత్త కింద పోతుంది. ఎండిన పొట్టులో కాల్షియం కార్బొనేట్, ప్రొటీన్, కైటిన్ ఉంటాయి. ఆసిడ్‌తో కడిగితే కాల్షియం పోతుంది, క్షారంతో ఉడికిస్తే ప్రొటీన్ పోతుంది, మిగిలిన కైటిన్‌ని 40, 50 శాతం గాఢత ఉన్న వేడి కాస్టిక్ సోడాలో వేస్తే కైటోసాన్ అవుతుంది. సహజం అన్న మాట వినగానే మనకి చెట్టూ పుట్టా గుర్తొస్తాయి గానీ, ఈ సహజం వెనక ఇంత ఆసిడ్, ఇంత కాస్టిక్, ఆ కడుగు నీళ్లు ఎక్కడ పోయాలన్న సమస్య ఉన్నాయి.

దీని ప్రత్యేకత ధన ఆవేశం. ప్రకృతిలో దొరికే చక్కెర గొలుసుల్లో దాదాపు అన్నీ తటస్థంగానో రుణ ఆవేశంతోనో ఉంటే, కైటోసాన్ మాత్రం ఆసిడ్‌లో ధన ఆవేశం తెచ్చుకుంటుంది. మన లోపలి పొరల మీది జిగురు రుణ ఆవేశంతో ఉంటుంది కాబట్టి దానికి పట్టుకుంటుంది. ఎర్ర రక్తకణాల పైపొర కూడా రుణ ఆవేశమే, అందుకే కైటోసాన్ పట్టీ గాయం మీద నొక్కితే రక్తం తొందరగా ఆగుతుంది. మన దేశంలో తయారయ్యే ఆక్సియోస్టాట్ అలాంటి పట్టీయే.

ఇంత బాగుంటే నోటి ద్వారా ఇన్సులిన్ ఇచ్చే కైటోసాన్ మందు ఎందుకు రాలేదు? పరిశోధన పత్రాలకేమీ లోటు లేదు. పీహెచ్ 6.5 దాటితే కైటోసాన్ తన ఆవేశాన్ని చాలావరకు పోగొట్టుకుంటుంది. ఇన్సులిన్ లోపలికి వెళ్లాల్సిన చిన్నపేగులో పీహెచ్ 6 నుంచి 7.4 దాకా ఉంటుంది. అంటే పొట్టలో అది చురుగ్గా ఉంటుంది, మనకి పని ఉన్న చోటికి వచ్చేసరికి చప్పబడిపోతుంది. రసాయనంగా మార్చి ఆ ఆవేశం ఎక్కడైనా నిలిచేలా చేశారు, అప్పుడు కణాలకి హాని ఎంత అన్న ప్రశ్న వచ్చింది. పైగా పేగు జిగురు తనంతట తాను గంటల్లో రాలిపోయి కొత్తది వస్తుంటుంది, దానికి అంటుకున్న మందు దాంతో పాటే కొట్టుకుపోతుంది. ఈ మూడు అడ్డంకులూ దాటి పేషంటు చేతిలోకి వచ్చిన కైటోసాన్ ఇన్సులిన్ ఇప్పటికి లేదు.

మందు చేరాల్సిన చోటు దగ్గరగా, పరిస్థితి ఊహించగలిగేలా ఉంటే మాత్రం సహజ జెల్ దూసుకుపోతుంది. కన్నే చూడండి. ఒక చుక్క 30 నుంచి 50 మైక్రోలీటర్లు ఉంటుంది, కంట్లో ఉండే కన్నీరు మొత్తం 7 నుంచి 10 మైక్రోలీటర్లు. వేసిన చుక్కలో ఎక్కువభాగం చెంప మీదికో ముక్కులోకో పోతుంది, కంటి లోపలికి చేరేది 5 శాతం లోపే. గ్లకోమాకి (నీటికాసులు) వాడే టిమోలాల్ అనే మందుని జెల్లన్ గమ్ అనే బాక్టీరియా తయారుచేసే బంకలో కలిపి 1990ల్లో మార్కెట్లోకి తెచ్చారు. సీసాలో నీళ్లగా ఉంటుంది, కన్నీటిలోని సోడియం వగైరా తగలగానే కంటి మీదే పల్చటి జెల్ అవుతుంది. దాంతో రోజుకి రెండుసార్లు వేసే చుక్క ఒకసారికి దిగింది. వేసుకున్న కాసేపు చూపు మసకగా ఉంటుంది, కంగారు పడక్కర్లేదు. వేరే చుక్కలు కూడా వాడేవాళ్లు వాటిని కనీసం 10 నిమిషాల ముందే వేసుకోవాలి, లేకపోతే జెల్ మీద పడి జారిపోతాయి. మనం చెత్తలో పారేసే చింతపిక్కల్లోని పిండిలో కూడా ఇలాంటి జిగురు ఉంది, యూరప్‌లో దాన్ని పొడిబారిన కళ్లకి చుక్కల మందులో వాడుతున్నారు.

పెద్దపేగుకీ ఇంతే. అక్కడి బాక్టీరియా తప్ప ఇంకెవరూ కోయలేని గొలుసులో మందు కట్టి పంపితే, పైన అంతా భద్రంగా వచ్చి అక్కడే విప్పుకుంటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫార్మసీ విభాగం వాళ్లు గోరుచిక్కుడు బంకతో ఈ పని చేసి చూపించారు. 1998లో వచ్చిన వాళ్ల పత్రంలో ఇండోమెథాసిన్ మాత్రలు మామూలు ద్రావణాల్లో మందుని పెద్దగా వదల్లేదు, ఎలుక పెద్దపేగులోని పదార్థం కలిపాకే బాగా వదిలాయి. గోరుచిక్కుడు కూర తింటే గ్యాస్ పట్టేవాళ్లకి ఆ బాక్టీరియా ఎంత చురుకైందో వేరే చెప్పాలా.

మోకాళ్ల దగ్గరికొద్దాం, ఎందుకంటే మన ఊళ్లో డబ్బు ఎక్కువ ఖర్చయ్యే జెల్ బహుశా ఇదే. "గుజ్జు ఇంజెక్షన్" అని జనం పిలిచేది హైలురోనిక్ ఆసిడ్. 1934లో మేయర్, పామర్ అనే ఇద్దరు ఎద్దు కంటి లోపలి ద్రవంలో దీన్ని కనిపెట్టారు. ఒకప్పుడు కోడిపుంజు జుట్టు నుంచి తీసేవారు, ఇప్పుడు ఎక్కువగా బాక్టీరియాతో తయారుచేస్తున్నారు. మార్పేమీ చేయని హైలురోనిక్ ఆసిడ్‌ని కీలులోకి ఎక్కిస్తే కత్తెర అక్కడే ఉంది కాబట్టి రోజుల్లోనే సగానికి పైగా మాయమవుతుంది, అందుకే గొలుసుల్ని ముడేసి ఎక్కువకాలం నిలిచేలా చేస్తారు. కానీ అరిగిపోయిన గుజ్జుని అది మళ్లీ మొలిపించదు. అమెరికా ఎముకల వైద్యుల సంఘం దీన్ని అందరికీ మామూలుగా వాడమని సిఫారసు చేయట్లేదు. కొందరికి కొన్నాళ్లు నొప్పి తగ్గుతుంది, అది నిజం. గుజ్జు నింపుతాం అని ఎవరైనా అంటే మాత్రం ఏ అర్థంలో అంటున్నారో అడగండి.

జెల్ పట్టు తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ఇన్‌ఫ్యూజ్ అనే ఉత్పత్తి కథ చాలు. ఎముకని పెంచే బీఎంపీ-2 అనే ప్రొటీన్‌ని కొలాజెన్ స్పాంజిలో నానబెట్టి వెన్నుపూసల మధ్య పెట్టే పద్ధతికి 2002లో అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. కొలాజెన్ సహజమే, ప్రొటీన్ కూడా మన ఒంట్లో ఉండేదే. అయితే స్పాంజి దాన్ని గట్టిగా పట్టి ఉంచదు, అందుకని శరీరంలో మామూలుగా ఉండేదానికి ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదు పోయాల్సి వచ్చింది. అది పక్కకి జారిన చోట్ల అక్కర్లేని ఎముక పెరిగింది. అనుమతి లేకపోయినా మెడ ఆపరేషన్లలో వాడినప్పుడు కొందరికి గొంతు వాచి ఊపిరాడని పరిస్థితి వచ్చింది, 2008లో ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. మోసే స్పాంజిని వదిలేసి లోపలున్న మందు ఎంత గొప్పదో మాట్లాడటం వల్ల వచ్చిన తంటా ఇది.

"సహజం కాబట్టి సురక్షితం" మాటకి ఇంకో జవాబు కూడా అదే 2008లో దొరికింది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ కూడా సహజ పాలిమరే, పంది పేగుల పొర నుంచి తీస్తారు. చైనా నుంచి వచ్చిన సరుకులో దాన్ని పోలిన చవక పదార్థం కలిసింది, మామూలు పరీక్షల్లో తేడా తెలియలేదు, అమెరికాలో మనుషులు చనిపోయారు. జీవుల నుంచి వచ్చే సరుకులో కల్తీ సంగతి అలా ఉంచితే, కల్తీ లేకపోయినా తేడాలుంటాయి. ఏ కాలంలో కోసిన నాచు, ఏ రొయ్య, ఎంతసేపు కాస్టిక్‌లో ఉంది, వీటిని బట్టి గొలుసు పొడవు మారుతుంది, పొడవు మారితే వల మారుతుంది, వల మారితే మందు వచ్చే వేగం మారుతుంది. మా ల్యాబులో కొత్త కైటోసాన్ సీసా తెరిచిన ప్రతిసారీ పాత గ్రాఫు మళ్లీ రావడానికి కుస్తీ పట్టేవాళ్లం. ఇంజెక్షన్‌గా ఇవ్వాలంటే స్టెరిలైజ్ చేయాలి, 121 డిగ్రీల ఆవిరిలో పెట్టినా గామా కిరణాలు పంపినా ఆల్జినేట్ లాంటి గొలుసులు తెగుతాయి. అంటే మీరు పరీక్షించిన జెల్ ఒకటి, పేషంటుకి వెళ్లేది ఇంకొకటి.

కణాల్నే జెల్‌లో కట్టి పంపే పని కూడా చెప్పకపోతే అన్యాయం. 1980లో లిమ్, సన్ అనే ఇద్దరు ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని ఆల్జినేట్ గుండ్లలో పెట్టి షుగర్ ఉన్న ఎలుకల్లో వదిలారు. రక్షణ కణాలు లోపలికి దూరలేవు, ఇన్సులిన్ మాత్రం బయటికి వస్తుంది. వాటికి 2, 3 వారాలు షుగర్ అదుపులో ఉంది. ఆ తర్వాత చాలామందికి తగిలిన అడ్డు ఏంటంటే, శరీరం ఆ గుండు చుట్టూ పీచు పొర అల్లేస్తుంది, లోపలి కణాలకి ఆక్సిజన్ అందదు. 2016లో అమెరికాలో ఎంఐటీ బృందం ఆల్జినేట్ గొలుసుని రసాయనంగా మార్చి, ఎలుకల్లో 174 రోజుల దాకా షుగర్ అదుపులో ఉంచగలిగింది. చూడండి, ఉన్నదున్నట్టుగా వాడిన నాచు కంటే మార్చిన నాచునే శరీరం ఎక్కువకాలం ఉండనిచ్చింది.

ఇక మా బీకరు సంగతి. మాత్రని పరీక్షించే యంత్రంలో 900 మిల్లీలీటర్ల ద్రావణం, 37 డిగ్రీలు, నిమిషానికి 50 సార్లు తిరిగే తెడ్డు, మొదటి 2 గంటలు ఆసిడ్, తర్వాత పీహెచ్ 6.8 బఫర్. గంట గంటకీ 5 మిల్లీలీటర్లు తీసి రీడింగ్ వేసి, హిగుచీ అనీ, కోర్స్‌మేయర్-పెప్పాస్ అనీ మందు వచ్చే వేగాన్ని లెక్కకట్టే సమీకరణాలకి అతికించి, ఆ అతుకు ఎంత బాగుందో చెప్పే ఆర్ స్క్వేర్ 0.99 వస్తే పండగ చేసుకుంటాం. ఖాళీ కడుపుతో ఉన్న మనిషి పొట్టలో ఉండే ద్రవం 50 మిల్లీలీటర్లకి అటూ ఇటూ. పేగులోనైతే అది కూడా వరసగా ఉండదు, అక్కడక్కడా మడుగుల్లా ఉంటుంది. దానికి తోడు పేగు పిసుకుతుంది, మధ్యలో బిర్యానీ వస్తుంది, ఇంకో రోజు ఉపవాసం వస్తుంది. బీకర్లో 12 గంటలు నిలిచిన జెల్ అక్కడ ఎంతసేపు నిలుస్తుందో సమీకరణం చెప్పదు. మా ప్రాంతంలో ఏటా వచ్చే థీసిస్‌లలో ఎక్కువ భాగం ఈ బీకరు దగ్గరే ఆగిపోతాయి, జంతువుల మీద పరీక్షకి డబ్బూ అనుమతులూ కావాలి, మనుషుల మీదికి వెళ్లడమంటే కంపెనీల పని. పిల్లల్ని తప్పు పట్టడానికేం లేదు, కానీ ఆ గ్రాఫు పట్టుకుని "విజయవాడ విద్యార్థి కొత్త మందు" అని రాసే వార్తని మాత్రం తప్పు పట్టొచ్చు.

ఇవన్నీ కలిపి చూస్తే మార్కెట్లో ఎక్కువ కైటోసాన్, ఆల్జినేట్ ఉత్పత్తులు పట్టీలుగా, పూరకాలుగా, వైద్య పరికరాల కిందే ఎందుకు ఉన్నాయో తెలుస్తుంది. కెనడాలో 2000 ప్రాంతంలో కైటోసాన్‌కి గ్లిసరోఫాస్ఫేట్ కలిపి, చల్లగా ఉంటే నీళ్లగా, ఒంటి వేడికి జెల్‌గా మారే ద్రావణం చేశారు. మందు మోయడానికి ఇంతకంటే వీలైనది ఏముంటుంది అనిపిస్తుంది, కానీ దాని నుంచి పుట్టి యూరప్‌లో అనుమతి తెచ్చుకున్నది మోకాలి మృదులాస్థి చిల్లులు పూడ్చే ఉత్పత్తి, అందులో మందేమీ లేదు. ఉత్త జెల్ అయితే అది హాని చేయదని, చెప్పిన పని చేస్తుందని చూపిస్తే దారి దొరుకుతుంది. అందులో మందు పెట్టిన క్షణం నుంచి ఏ బ్యాచ్‌లో అయినా, ఏ పేషంటులో అయినా అది ఇంత వేగంతోనే వస్తుందని నిరూపించాలి, ఖర్చు ఎన్నో రెట్లవుతుంది. కాబట్టి కన్ను, పుండు, కీలు, పెద్దపేగు, ఆపరేషన్ చేసిన చోటు, ఇలా జెల్‌ని అక్కడికక్కడే పెట్టగలిగిన లేదా కత్తెర ఎక్కడుందో ముందే తెలిసిన చోట్ల కొత్త మందులు ముందొస్తాయి. మింగే ఇన్సులిన్ వచ్చినా వాటన్నిటి తర్వాతే వస్తుంది.